ప్రైమరీ కీ కాని కాలమ్‌తో టేబుళ్లను కలపడం ఎలా: విశాఖ కంటైనర్ యార్డు ఉదాహరణతో

విశాఖలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు పోర్టు మీద బతికే కంపెనీ ప్రాజెక్టు తగులుతుంది. షిప్పింగ్ ఏజెంటు కావచ్చు, కంటైనర్లు పెట్టే యార్డు కావచ్చు, షీలానగర్ వైపు లారీలు తిప్పే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కావచ్చు. వాళ్లకి కొత్త వెబ్ అప్లికేషన్ కావాలి, డేటాబేస్ మాత్రం పాతదే. తెరిచి చూస్తే గేట్ పాస్ టేబుల్లో కంటైనర్ ఐడీ ఉండదు, కంటైనర్ నంబరు ఉంటుంది. కంటైనర్ టేబుల్‌కి ప్రైమరీ కీ (ప్రతి రికార్డునీ విడిగా గుర్తించే కాలమ్) వేరే ఉంటుంది: ఒకటి, రెండు, మూడు అని తనంతట తాను పెరిగే ఐడీ. టేబుళ్లు మారుద్దామంటే కుదరదు, ఎందుకంటే గేటు దగ్గర కంప్యూటర్లో నడిచే పాత ప్రోగ్రాం రోజూ అదే టేబుల్లో రాస్తూ ఉంటుంది.

ఇక్కడే ఓఆర్‌ఎంతో, అంటే టేబుళ్లని కోడ్‌లో ఆబ్జెక్టులుగా చూపించే లైబ్రరీతో, తంటా మొదలవుతుంది. హైబర్నేట్ అయినా, జాంగో అయినా, ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ అయినా, మీరేమీ చెప్పకపోతే రిలేషన్ (రెండు టేబుళ్ల మధ్య లింకు) అంటే అవతలి టేబుల్ ప్రైమరీ కీని చూపించేదే అనుకుంటాయి. వేరే కాలమ్‌ని చూపించమని చెప్పొచ్చు, ఒక్క లైను మార్పే. కానీ ఆ లైను రాసిన క్షణం నుంచి ఆ కాలమ్ నిజంగానే కీలాగా నడుచుకుంటుందని ఓఆర్‌ఎం నమ్మేస్తుంది. డూప్లికేట్లు ఉన్నాయా, ఖాళీలు ఉన్నాయా, విలువ మారుతుందా అని తనంతట తాను వెళ్లి డేటా చూడదు. అది చూడాల్సింది మీరే, అదీ కోడ్ రాయక ముందే. అందుకే ఈ వ్యాసంలో సగం దాకా మ్యాపింగ్ (ఏ కాలమ్ దేన్ని చూపిస్తుందో ఓఆర్‌ఎంకి చెప్పే కోడ్) కనపడదు.

ముందే ఒక మాట. టేబుళ్లు మార్చే అధికారం మీకుంటే ఇదంతా వద్దు. గేట్ పాస్ టేబుల్లో కంటైనర్ ఐడీ కాలమ్ పెట్టి, పాత డేటా నింపి, మామూలు రిలేషన్ రాసుకోండి. ఆ అవకాశం లేనివాళ్ల కోసమే మిగతాది.

1. ఏ టేబుల్‌కి కలుపుతున్నారో తేల్చుకోండి

మన ఉదాహరణలో మూడు టేబుళ్లు అనుకుందాం. కంటైనర్లు: ఐడీ, కంటైనర్ నంబరు, సైజు, ఏ షిప్పింగ్ లైనుది. రాకపోకలు: ఒక కంటైనర్ యార్డులోకి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లింది. గేట్ పాసులు: పాసు నంబరు, లారీ నంబరు, డ్రైవరు పేరు, కంటైనర్ నంబరు.

గేట్ పాస్‌లో ఉన్నది కంటైనర్ నంబరే. ఆ కాలమ్ కంటైనర్ల టేబుల్లోనూ ఉంది, రాకపోకల టేబుల్లోనూ ఉంది. పేరు ఒకటే, స్వభావం వేరు. కంటైనర్ల టేబుల్లో ఒక నంబరు ఒక్కసారే ఉండాలి. రాకపోకల్లో అదే డబ్బా జనవరిలో వచ్చి, మళ్లీ జూన్‌లో వస్తే రెండు రికార్డులు ఉంటాయి. గేట్ పాస్‌ని రాకపోకలకి నంబరుతో కలిపారంటే ఒక పాసుకి ఇద్దరు తండ్రులు (అది చూపించే అవతలి రికార్డులు) తయారవుతారు. అప్పుడు హైబర్నేట్ అయితే ఒకే గుర్తింపుతో ఒకటికి మించి రికార్డులు దొరికాయని ఎర్రర్ విసురుతుంది. పైథాన్ ఓఆర్‌ఎం అయిన ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్లిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం మీరే రాసుకున్న జాయిన్ (రెండు టేబుళ్లని కలిపే) క్వెరీ. అది ఎర్రరూ ఇవ్వదు, వార్నింగూ ఇవ్వదు. పాసులు రెండేసి వస్తాయి, నెలాఖరు బిల్లు పెరుగుతుంది, పార్టీ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

కాబట్టి మొదట రాయాల్సిన క్వెరీ ఇది: కంటైనర్ల టేబుల్లో నంబరు మీద గ్రూప్ బై పెట్టి, కౌంట్ ఒకటి కన్నా ఎక్కువ ఉన్నవాటిని హావింగ్‌తో ఏరండి. ఒక్కటి వచ్చినా ఆగిపోండి. అది డూప్లికేట్ ఎంట్రీయా, లేక ఆ కాలమ్ అసలు కీయే కాదా అన్నది యార్డులో పనిచేసేవాళ్లని అడిగి తెలుసుకోవాలి. డేటాని ఎంతసేపు చూసినా ఆ సమాధానం దొరకదు.

నిజంగా రాకపోకలకే కలపాల్సి వస్తే ఒక్క కాలమ్ సరిపోదు. కంటైనర్ నంబరుతో పాటు ట్రిప్పు నంబరు లాంటి రెండో కాలమ్ గేట్ పాస్‌లో కూడా ఉంటే రెండూ కలిపి రిలేషన్ రాయొచ్చు. అది లేకపోతే, పాసు తేదీ ఏ రాకపోక మధ్యలో పడిందో చూసే క్వెరీ రాసుకోవడమే సరైన పని. తేదీల మధ్య పోలికని రిలేషన్‌గా మలచాలని చూడకండి.

పిన్ కోడ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. 530016 అంటే ద్వారకానగర్ అని మనకి నోటికొచ్చు, కానీ ఒకే పిన్ కింద ఒకటికి మించి పోస్టాఫీసులు ఉండొచ్చు. పోస్టాఫీసుల టేబుల్లో అది కీ కాదు.

2. విలువలు శుభ్రం చేయండి

ఎక్కువ టైం పట్టేది ఇక్కడే, పట్టాల్సింది కూడా ఇక్కడే.

కంటైనర్ నంబరుకి ఐఎస్‌ఓ 6346 అనే ప్రమాణం ఉంది. మొత్తం 11 స్థానాలు: యజమాని కోడ్ మూడు అక్షరాలు, రకం చెప్పే ఒక అక్షరం (మామూలు సరుకు కంటైనర్లకి యు), ఆరంకెల వరస సంఖ్య, చివర ఒక చెక్ డిజిట్. డబ్బా మీద చెక్ డిజిట్‌ని విడిగా, చిన్న గళ్లో రాస్తారు. అందుకే గేటు దగ్గర కొట్టేవాళ్లలో ఒకరు మధ్యలో స్పేస్ ఇస్తారు, ఇంకొకరు హైఫన్ పెడతారు, మరొకరు చివరి అంకె వదిలేస్తారు. ఒకే కంటైనర్‌కి డేటాబేస్‌లో నాలుగు రూపాలు దొరికితే ఆశ్చర్యపోకండి.

స్పేసులు, హైఫన్లు తీసేసి, అన్నీ పెద్దక్షరాలు చేసే ఫంక్షన్ ఒకటి రాయండి. ఒక్కటే రాయండి. డేటా లోపలికొచ్చే ప్రతి దారీ, అంటే వెబ్ ఫారం, ఎక్సెల్ అప్‌లోడ్, ఏపీఐ, అన్నీ దానిలోంచే వెళ్లాలి. ఆ తర్వాత చెక్ డిజిట్ లెక్కపెట్టండి. లెక్క కష్టమేమీ కాదు. సీఎస్‌క్యూయూ 305438 3 అనే నంబరు తీసుకుందాం. అక్షరాలకి విలువలుంటాయి: ఎ 10, బి 12, సి 13, అలా వరసగా, 11 గుణిజాలు వచ్చినచోట వదిలేస్తూ. ఆ ప్రకారం సి 13, ఎస్ 30, క్యూ 28, యు 32. ఆరంకెల విలువలు వాటివే. మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, ఇలా రెట్టిస్తూ పదోదాన్ని 512తో గుణించి అన్నీ కూడితే 6185. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. చివరి అంకె 3 కాబట్టి నంబరు సరైనదే. (శేషం 10 వస్తే 0 గా తీసుకుంటారు.) ఇదే నంబరుని తొందరలో 304538 అని, 5నీ 4నీ అటూ ఇటూ చేసి కొట్టారనుకోండి, శేషం 1 వస్తుంది. వెంటనే దొరికిపోతుంది.

రిలేషన్ల వ్యాసంలో ఈ లెక్క ఎందుకంటే, ఐడీతో కలిపినప్పుడు విలువని మనిషి టైప్ చేయడు. నంబరుతో కలిపినప్పుడు రిలేషన్ నిలబడేదే మనిషి టైపింగ్ మీద. తప్పుగా కొట్టిన ప్రతి నంబరూ తండ్రి లేని గేట్ పాస్ అవుతుంది, లేదా ఇంకా దారుణంగా వేరొకరి కంటైనర్‌కి అతుక్కుంటుంది.

పెద్ద చిన్న అక్షరాల విషయంలో ఇంకో మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు సెట్టింగుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే అనుకుంటాయి. పోస్ట్‌గ్రెస్ అలా అనుకోదు. మీ ప్రోగ్రాం మెమరీలో పోల్చేటప్పుడు కూడా అలా అనుకోదు. ఫలితం చాలా వింతగా ఉంటుంది: ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో డేటాబేస్ జాయిన్ చేసి రెండు రికార్డులూ ఇస్తుంది, కానీ మెమరీలో కీలు సరిపోలక పాసులో కంటైనర్ నల్‌గానే మిగిలిపోతుంది. క్వెరీ చూస్తే కరెక్టు, డేటా చూస్తే కరెక్టు, ఆబ్జెక్టు మాత్రం ఖాళీ. ఇలాంటిది ఎదురైతే మొట్టమొదట అక్షరాల సైజు, చివర్లో స్పేసులు చూడండి.

3. డేటాబేస్ చేత హామీ ఇప్పించండి

శుభ్రం చేశాక కంటైనర్ల టేబుల్లో నంబరు కాలమ్‌కి యునీక్ కన్‌స్ట్రెయింట్ (విలువ రెండోసారి రాకూడదన్న నియమం), నాట్ నల్ (ఖాళీ ఉండకూడదన్న నియమం) రెండూ పెట్టండి. యునీక్ ఒక్కటే చాలదు, పోస్ట్‌గ్రెస్‌లో యునీక్ ఉన్న కాలమ్‌లో ఎన్ని నల్‌లైనా పడతాయి. పాత ప్రోగ్రాం ఒప్పుకోదని భయపడతారు గానీ, కొత్త కాలమ్ చేర్చడం వేరు, ఉన్న కాలమ్‌కి కాపలా పెట్టడం వేరు. సరైన డేటా రాసే ప్రోగ్రాంకి దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. అయినా ముందు టెస్ట్ సర్వర్ మీద ఒక రోజు పాత ప్రోగ్రాం నడిపి చూడండి.

తర్వాత ఫారిన్ కీ, అంటే పాసులోని నంబరు కంటైనర్ల టేబుల్లో ఉండి తీరాలన్న నియమం (కంటైనర్ ఎక్కక ముందే పాసు రాసే చోట ఇది కుదరదు, దాని సంగతి 4లో). ఫారిన్ కీ ప్రైమరీ కీనే చూపించాలన్న రూలు లేదు, యునీక్ కాలమ్‌ని కూడా చూపించొచ్చు. మైఎస్‌క్యూఎల్ ఒకప్పుడు యునీక్ కాని కాలమ్‌ని కూడా ఒప్పుకునేది. 8.4 నుంచి మామూలు సెట్టింగుల్లో ఒప్పుకోవడం లేదు, మంచిదే. ఫారిన్ కీ పెట్టేముందు తండ్రి లేని పాసులు ఎన్నున్నాయో లెఫ్ట్ జాయిన్‌తో (జత దొరకని రికార్డులని కూడా ఇచ్చే జాయిన్) చూడండి. పాత డేటాలో చాలా ఉండి, ఇప్పుడే సరిచేయలేమంటే పోస్ట్‌గ్రెస్‌లో మంచి దారి ఉంది: కన్‌స్ట్రెయింట్‌ని నాట్ వ్యాలిడ్ అని పెడితే పాతవాటి జోలికి పోకుండా కొత్త రికార్డులని మాత్రం ఆపుతుంది. పాతవి తీరిగ్గా సరిచేసుకుని వ్యాలిడేట్ చేసుకోవచ్చు.

గేట్ పాస్ వైపు నంబరు కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) ఉందో లేదో చూడండి. మైఎస్‌క్యూఎల్ ఫారిన్ కీతో పాటు ఇండెక్స్ తనే వేస్తుంది, పోస్ట్‌గ్రెస్ వేయదు. రెండు కాలమ్‌ల టైపు, పొడవు ఒకేలా ఉంచండి.

4. ఇప్పుడు మ్యాపింగ్

హైబర్నేట్‌తో మొదలుపెడదాం, మన దగ్గర పాత డేటాబేసుల ప్రాజెక్టులు ఎక్కువగా జావాలోనే ఉంటాయి కాబట్టి. గేట్ పాస్ క్లాసులో కంటైనర్ ఫీల్డు మీద మెనీ టు వన్, దాని కింద జాయిన్ కాలమ్. జాయిన్ కాలమ్‌లో రెండు విషయాలు చెప్పాలి. నేమ్ అంటే గేట్ పాస్ టేబుల్లోని కాలమ్ పేరు. రిఫరెన్స్‌డ్ కాలమ్ నేమ్ అంటే కంటైనర్ల టేబుల్లోని కాలమ్ పేరు. ఈ రెండోది రాయకపోతే ప్రైమరీ కీ అనుకుంటుంది. అక్కడ రాయాల్సింది డేటాబేస్ కాలమ్ పేరు, జావా ఫీల్డు పేరు కాదు. చాలామంది తికమకపడేది దీని దగ్గరే. కంటైనర్ వైపు నుంచి పాసుల లిస్టు కావాలంటే వన్ టు మెనీ, మ్యాప్డ్ బై పెడితే చాలు, కాలమ్ వివరాలు మళ్లీ రాయక్కర్లేదు.

హైబర్నేట్ 5 వాడుతుంటే కంటైనర్ క్లాసుని సీరియలైజబుల్ చేయండి. లేకపోతే క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ వచ్చి, ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టక టెన్షన్ పెడుతుంది. ప్రైమరీ కీ కాని కాలమ్‌ని చూపించే సదుపాయం ఇచ్చితీరాలని జేపీఏ (జావా ఓఆర్‌ఎంల ఉమ్మడి) ప్రమాణం కూడా అనదు, ఇవ్వడం ఐచ్ఛికమే అంటుంది. అంటే రేపు హైబర్నేట్ వదిలి వేరేదానికి మారితే ఈ మ్యాపింగ్ పని చేస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇక్కడ ఒక నిర్ణయం మీరే తీసుకోవాలి. గేట్ పాస్‌లో కంటైనర్ ఆబ్జెక్టుతో పాటు నంబరు కూడా విడి స్ట్రింగ్ ఫీల్డుగా కావాలా? రెండూ ఒకే కాలమ్‌ని చూపిస్తే, కాలమ్ రెండుసార్లు మ్యాప్ అయిందని హైబర్నేట్ స్టార్ట్ అయ్యేటప్పుడే ఆగిపోతుంది. రెండిట్లో ఒకదానికి ఇన్సర్టబుల్, అప్‌డేటబుల్ రెండూ ఫాల్స్ పెట్టాలి. దేనికి? యార్డుల్లో లారీ ముందొస్తుంది, కంటైనర్ వివరాలు ఆఫీసులో ఎక్కేది తర్వాత. ఇలాంటి చోట ఫారిన్ కీ పెట్టడం కుదరదు. అప్పుడు స్ట్రింగ్ ఫీల్డుని రాయడానికి ఉంచి, రిలేషన్‌ని చదవడానికి మాత్రమే పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఆబ్జెక్టు లేదని గేట్ పాస్ ఆగకూడదు, వెనక లారీలు లైను కట్టేస్తాయి. కంటైనర్ ముందే ఉండి తీరాలన్న వ్యాపారాల్లో దీనికి తిరగేసి చేయండి.

మిగతావాటిలో సూత్రం ఇదే, పేర్లు వేరు. జాంగోలో ఫారిన్ కీకి టు ఫీల్డ్ ఇవ్వాలి. ఆ ఫీల్డు యునీక్ కాకపోతే జాంగో మొదట్లోనే ఒప్పుకోదు. అక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: కంటైనర్ అండర్‌స్కోర్ ఐడీ అని పిలిస్తే ఐడీ రాదు, కంటైనర్ నంబరు వస్తుంది. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో హ్యాజ్ ఫారిన్ కీ తర్వాత హ్యాజ్ ప్రిన్సిపల్ కీ రాయాలి, అది ఆ కాలమ్‌ని ఆల్టర్నేట్ కీ చేస్తుంది. లారవెల్‌లో బిలాంగ్స్ టు కి మూడో ఆర్గ్యుమెంటు. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో డేటాబేస్‌లో ఫారిన్ కీ లేకపోయినా ప్రైమరీ జాయిన్, ఫారిన్ కీస్ రెండూ ఇచ్చి కలపొచ్చు. పాత డేటాబేసులతో పనిచేయడానికి అంత స్వేచ్ఛ ఇచ్చేవి తక్కువ.

5. లేజీ లోడింగ్‌ని నమ్మకండి

స్క్రీన్ మీద యాభై గేట్ పాసులు చూపించాలి. కంటైనర్ వివరాలు అక్కర్లేదు కదా అని ఫెచ్ టైప్ లేజీ (అవసరం పడ్డాకే తెచ్చేది) పెట్టారు. ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూడండి: పాసుల కోసం ఒక క్వెరీ, దాని వెనకాలే ఒక్కో కంటైనర్‌కి ఒక్కో క్వెరీ. పాసులన్నీ వేరువేరు కంటైనర్లవి అయితే మొత్తం 51.

కారణం తెలిస్తే ఇది బగ్గులా అనిపించదు. లేజీ అంటే హైబర్నేట్ అసలు ఆబ్జెక్టు బదులు ఒక ప్రాక్సీని పెడుతుంది. ప్రాక్సీ చేయాలంటే ఐడీ కావాలి. గేట్ పాస్ రికార్డులో ఐడీ లేదు, నంబరు మాత్రమే ఉంది. ఐడీ తెలియాలంటే కంటైనర్ల టేబుల్‌కి వెళ్లక తప్పదు, అందుకని అప్పటికప్పుడే వెళ్లి తెచ్చేస్తుంది. సెకండ్ లెవెల్ క్యాష్ (తెచ్చిన ఆబ్జెక్టులని దాచుకునే చోటు) కూడా ఇక్కడ ఆదుకోదు, అది ఐడీతో వెతికేది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో లేజీ పని చేస్తుంది. కానీ ప్రైమరీ కీ అయితే సెషన్‌లో ఉన్న ఆబ్జెక్టుని క్వెరీ లేకుండానే ఇచ్చేస్తుంది, వేరే కాలమ్ అయితే క్వెరీ వేస్తుంది.

కంటైనర్ వివరాలు కావాల్సిన స్క్రీన్‌కి జాయిన్ ఫెచ్ రాయండి. తప్పకుండా లెఫ్ట్ జాయిన్ ఫెచ్. మామూలు జాయిన్ రాస్తే ఇంకా కంటైనర్ ఎక్కని పాసులు లిస్టులోంచి మాయమవుతాయి. అక్కర్లేని స్క్రీన్‌కి ఎంటిటీ తేవద్దు, కావలసిన కాలమ్‌లే తెచ్చే డీటీఓ క్వెరీ రాయండి. నంబరు గేట్ పాస్‌లోనే ఉంది కాబట్టి చాలా లిస్టులకి రిలేషన్ ముట్టుకోవాల్సిన పనే లేదు. నంబరు ఇచ్చి కంటైనర్ వెతికే పని ఎక్కువగా ఉంటే కంటైనర్ క్లాసులో ఆ ఫీల్డుకి నేచురల్ ఐడీ అనోటేషన్ పెట్టండి. దానికి విడిగా క్యాష్ పెట్టుకునే వీలుంది.

6. విలువ మారినప్పుడు

ఐడీ మారదు. మనుషులకి అర్థమయ్యే కోడ్లు మారతాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక్క విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. జిల్లా కోడ్‌తో టేబుళ్లు కలుపుకున్నవాళ్లకి అది పేరు మార్చే పని కాదు, ఏ పాత రికార్డు ఏ కొత్త జిల్లాకి వెళ్లాలో ఒక్కొక్కటీ తేల్చే పని. జిల్లా కోడ్ లాంటి వాటిని రిలేషన్‌కి వాడొద్దనే నేను గట్టిగా చెబుతాను.

కంటైనర్ నంబరు అలా మారదు, ఎంట్రీలో తప్పు దిద్దినప్పుడే మారుతుంది. దానికి, ఫారిన్ కీ ఉన్నచోట, దాని మీద ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ (కంటైనర్ నంబరు మారితే పాసుల్లోనూ మార్చేది) పెట్టుకోండి. దిద్దడం మాత్రం ఓఆర్‌ఎం ఆబ్జెక్టులతో చేయకండి. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ ఆల్టర్నేట్ కీ విలువ మార్చనివ్వదు, హైబర్నేట్ నేచురల్ ఐడీని మీరు మ్యూటబుల్ అని చెబితే తప్ప మార్చనివ్వదు. ఒక చిన్న అడ్మిన్ స్క్రీన్ పెట్టి, నేరుగా ఎస్‌క్యూఎల్ అప్‌డేట్ చేసి, సెషన్ క్లియర్ చేయండి. ఎవరు, ఎప్పుడు, ఏ నంబరుని ఏ నంబరుగా మార్చారో వేరే టేబుల్లో రాయండి. యార్డులో డిస్ప్యూట్ వచ్చినప్పుడు అందరూ అడిగేది అదే.

7. లైవ్‌కి వెళ్లేముందు

ఈ నాలుగు టెస్టులు ఉండాలి. ఒకే నంబరుతో రెండో కంటైనర్ పెడితే డేటాబేస్ తిప్పికొట్టాలి. చిన్నక్షరాలతో, స్పేసులతో ఇచ్చిన నంబరు సరైన కంటైనర్‌కే అతకాలి. కంటైనర్ లేని పాసు లిస్టులో కనపడాలి. యాభై పాసుల స్క్రీన్‌కి ఎన్ని క్వెరీలు వెళ్లాయో లెక్కపెట్టి, ఒకటి దాటితే టెస్టు ఫెయిల్ కావాలి. ఈ టెస్టులు అసలు వాడే డేటాబేస్ మీదే నడపండి. టెస్టుల కోసం పెట్టుకునే హెచ్‌2 లాంటి చిన్న డేటాబేసుల్లో అక్షరాల పోలిక వేరుగా ఉంటే, అక్కడ పాసైంది ఇక్కడ ఫెయిలవుతుంది.

గేటు దగ్గర పాత ప్రోగ్రాం ఆగిపోయే రోజు వస్తే, గేట్ పాస్ టేబుల్లో ఐడీ కాలమ్ చేర్చండి. నంబరుతో జాయిన్ చేసి నింపండి. జాయిన్ కాలమ్‌లో నేమ్ మార్చి, రిఫరెన్స్‌డ్ కాలమ్ నేమ్ తీసేయండి. కొన్నాళ్లు నంబరు కాలమ్‌ని కూడా అలాగే ఉంచి, రెండూ ఒకే కంటైనర్‌ని చూపిస్తున్నాయో లేదో రోజూ రాత్రి ఒక క్వెరీతో సరిచూసుకోండి. తేడా రావడం ఆగాక నంబరు కాలమ్ వదిలేయొచ్చు.